తాళం తిప్పితే టకటక: బ్యాటరీ బాగున్నా మా కారు ఎందుకు స్టార్ట్ కాలేదు

తాళం తిప్పగానే ఇంజను తిరగకుండా టకటకటకమని చప్పుడు మాత్రమే వస్తే, మా పర్లాకిమిడిలో ఎవరిని అడిగినా ఒకటే మాట: బ్యాటరీ పోయింది, మార్చేయండి. చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది. మా కారు విషయంలో కాలేదు. బ్యాటరీలో దమ్ముంది, ఇంజనును తిప్పే సెల్ఫ్ మోటార్ బాగుంది, తాళం స్విచ్ బాగుంది, అయినా బండి స్టార్ట్ కాలేదు. అసలు లోపం దొరికేదాకా ఏమేం చూశామో, ఏది ముందు ఏది వెనక చూశామో పూర్తిగా రాస్తున్నాను. కొండ దారుల్లో, పిలిస్తే మెకానిక్ రాని చోట బండి ఆగిపోయినవాళ్లకు ఇది అక్కరకొస్తే చాలు.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా. ఊరి పొలిమేర దాటితే పాతపట్నం, అక్కడి నుంచి ఆంధ్ర. పెద్ద జబ్బు చేస్తే ఇటు బరంపురమైనా వెళ్లాలి, అటు శ్రీకాకుళమో విశాఖపట్నమో అయినా వెళ్లాలి. నాన్న గుండెకు స్టెంట్ వేసింది విశాఖలో. అప్పటి నుంచి చూపించడానికి అక్కడికే తీసుకెళ్తున్నాను. మా ఇంట్లో కారు ఉన్నది ముఖ్యంగా ఈ పని కోసమే. చిన్న పెట్రోలు బండి, పదేళ్లు దాటింది. చేత్తో గేర్లు మార్చేది, క్లచ్‌కు ఇనుప కేబుల్ ఉన్న పాత రకం. ఈ కేబుల్ సంగతి గుర్తుంచుకోండి, తరవాత దాంతో పనుంది.

డిసెంబరు నెల, కొండల మీద నుంచి చలి దిగే రోజులు. తెల్లవారకముందే బయల్దేరాలి. నాన్న మఫ్లరు చుట్టుకుని వెనక సీట్లో కూర్చున్నారు. అమ్మ ఇడ్లీల క్యారియరు, మందుల సంచీ సర్దుతోంది. తాళం తిప్పాను. డ్యాష్‌బోర్డు లైట్లు వెలిగాయి, ఇంజను మాత్రం తిరగలేదు. బానెట్ కింద నుంచి టకటకటక. మళ్లీ తిప్పితే మళ్లీ అదే. డాక్టరు గారిచ్చిన టైము తప్పితే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. నాన్న ఏమీ అనలేదు గానీ ఆయన ముఖంలో టెన్షన్ నాకు అద్దంలో కనబడుతూనే ఉంది. చప్పుడు విని ఎదురింటి మావయ్య లేచొచ్చారు. పాలు పోసే కుర్రాళ్లు సైకిళ్లు గోడకు ఆనించి వచ్చారు. మా వీధి కాస్త పల్లంగా ఉంటుంది. తాళం ఆన్‌లో ఉంచి, రెండో గేరు వేసి, క్లచ్ తొక్కిపెట్టి, వాళ్లు తోస్తుంటే బండి ఊపందుకున్నాక క్లచ్ వదిలాను. ఒక్క కుదుపుతో ఇంజను అందుకుంది.

దారిలో నరసన్నపేట దగ్గర హైవే ఎక్కే ముందు టీకి ఆగినా ఇంజను ఆపలేదు. విశాఖలో ఆసుపత్రి పని అయ్యాక, పార్కింగులో తాళం తిప్పితే ఏమీ జరగనట్టు ఒక్క తిప్పుకే స్టార్టయింది. మనుషుల్ని ఎక్కువగా దారి తప్పించేది ఇదే. పూర్తిగా చచ్చిపోయిన బండికి లోపం పట్టుకోవడం తేలిక. ఒకసారి పలికి, ఒకసారి మొండికేసే బండి విషయంలో ఏం మార్చినా బాగైనట్టే అనిపిస్తుంది. కొత్త బ్యాటరీ వేసిన మర్నాడు స్టార్టయితే అది బ్యాటరీ మహిమే అనుకుంటాం. మా ఊళ్లో ఇలా బ్యాటరీ మార్చి, తరవాత సెల్ఫ్ మోటార్ మార్చి, చివరికి బండినే అమ్మేసుకున్నవాళ్లు ఉన్నారు. అందుకే ఏదీ కొనకముందు ఏది చెడిందో తేల్చుకోవాలని గట్టిగా అనుకున్నాను.

ఊరొచ్చాక ముందు బ్యాటరీ దుకాణానికే వెళ్లాను. మన ఎండలకు కారు బ్యాటరీ మూడు నాలుగేళ్లకు మించి నిలవడం కష్టం. మాది మూడేళ్లు దాటింది. దుకాణంలో ఆయన పైన అంటించిన తేదీ చూడగానే, అయిపోయింది, పాతది తీసుకుని ధర తగ్గిస్తానన్నాడు. కొలిచి చెప్పండి అన్నాను. లోడ్ టెస్టర్ అని ఒకటి ఉంటుంది, బ్యాటరీ నుంచి కొన్ని సెకన్లు పెద్ద కరెంటు లాగి వోల్టేజి ఎంతకు పడిపోతుందో చూపిస్తుంది. దాంతో చూశాడు. బ్యాటరీ తట్టుకుంది. చార్జింగ్ కాస్త తక్కువగా ఉంది తప్ప లోపల సెల్స్ బాగున్నాయని ఆయనే ఒప్పుకున్నాడు. రాత్రంతా చార్జింగ్‌లో పెట్టించి తెచ్చి బిగించాను. రెండు రోజులు బాగానే నడిచి, మూడో రోజు పొద్దున్నే మళ్లీ టకటక.

ఇక్కడ ఆ చప్పుడు ఎందుకొస్తుందో కొంచెం చెప్పాలి. అది అర్థమైతేనే మిగతాదంతా అర్థమవుతుంది. సెల్ఫ్ మోటార్ నెత్తి మీద సోలినాయిడ్ అనే చిన్న డబ్బా ఉంటుంది. తాళం తిప్పితే కొద్దిపాటి కరెంటు దానిలోని తీగచుట్టలోకి వెళ్తుంది. ఆ అయస్కాంత బలానికి లోపలి ఇనుప కడ్డీ లాగబడి రెండు పనులు చేస్తుంది. ఒకటి, మోటారు పళ్లచక్రాన్ని ముందుకు తోసి ఇంజను ఫ్లైవీల్ పళ్లలో ఇరికిస్తుంది. రెండు, లావుపాటి రాగి కాంటాక్టులను కలిపి బ్యాటరీ కరెంటంతా మోటారుకు వదులుతుంది. చిన్న కారులో కూడా ఆ క్షణంలో వంద ఆంపియర్ల పైనే ప్రవహిస్తుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నా, దారిలో ఎక్కడైనా కనెక్షన్ వదులుగా ఉన్నా, ఆ బరువు పడగానే వోల్టేజి కూలిపోతుంది. సోలినాయిడ్‌కు పట్టు తప్పి, స్ప్రింగు కడ్డీని వెనక్కి లాగేస్తుంది. కాంటాక్టు విడిపోగానే బరువు తగ్గి వోల్టేజి మళ్లీ లేస్తుంది. లేవగానే కడ్డీ మళ్లీ లాగబడుతుంది. సెకనుకు ఎన్నోసార్లు ఇలా జరుగుతుంటే మనకు వినబడేదే టకటకటక.

టకటక కాకుండా ఒకే ఒక్కసారి గట్టిగా ‘టక్’ మని ఆగిపోతే కథ వేరు. కడ్డీ లాగబడింది, పట్టు నిలిచింది, కానీ మోటారు తిరగలేదు. అప్పుడు అనుమానం సోలినాయిడ్ లోపలి కాంటాక్టుల మీదకో, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల మీదకో పోవాలి. అసలు చప్పుడే లేకపోతే తాళం స్విచ్, ఫ్యూజు, రిలే, క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యే బండ్లలో ఆ పెడల్ దగ్గర స్విచ్, ఇవి చూడాలి. అందుకే మెకానిక్‌కు ఫోన్ చేసేటప్పుడు “స్టార్ట్ కావడం లేదు” అని ఊరుకోకండి. ఏ రకం చప్పుడో చెప్పండి. ఆయన తెచ్చుకునే సామాను దాన్ని బట్టి మారుతుంది.

నేను ఇంట్లో చేసిన మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. చీకట్లో కారును గోడకు ఎదురుగా పెట్టి, హెడ్‌లైట్లు వేసి, గోడ మీద వెలుగు చూస్తూ తాళం తిప్పాలి. వెలుగు బాగా కుంగిపోతే బ్యాటరీ నీరసంగా ఉందన్నమాట, లేదా బ్యాటరీ టెర్మినల్స్ దగ్గరే లోపముందన్నమాట. వెలుగు పెద్దగా తగ్గకపోతే బ్యాటరీ నుంచి లైట్ల దాకా దారి బాగుంది, లోపం సెల్ఫ్ మోటార్ వైపు ఉంది. కొన్ని బండ్లలో తాళం స్టార్ట్ దగ్గరకు రాగానే హెడ్‌లైట్లు వాటంతటవే ఆరిపోతాయి, అలాంటప్పుడు లోపలి రూఫ్ లైటును చూడాలి. మా కారులో టకటకమంటుంటే కూడా గోడ మీద వెలుగు దాదాపు అలాగే ఉంది. టకటక అంటే బ్యాటరీ నీరసం అనే మామూలు లెక్కకు ఇది పొసగలేదు. నాకు అసలు పట్టుదల అక్కడే మొదలైంది.

తరవాత టెర్మినల్స్. నెగటివ్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు బిగించాలి. నెగటివ్ ఉండగా పాజిటివ్ విప్పబోతే, చేతిలోని పానా పొరపాటున బాడీకి తగిలిందా, నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీ చార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి దాని దగ్గర నిప్పురవ్వ చాలా ప్రమాదం. ఉంగరాలు, గడియారం తీసేయాలి. మా టెర్మినల్స్ మీద తెల్లటి పొడి కొద్దిగా ఉంది. వేడినీళ్లలో వంటసోడా కలిపి పోస్తే బుసబుస పొంగి పోయింది. ఎమరీ కాగితంతో రుద్ది, ఆరాక బిగించాను. కొంత మెరుగైనట్టు అనిపించింది, మళ్లీ మామూలే.

ఇక మల్టీమీటర్. నా దగ్గర ఉన్నది ఇంట్లో స్విచ్ బోర్డుల పనికి కొన్న మామూలు మీటరు, అది చాలు. రాత్రంతా కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అయితే సగం. 12 కంటే దిగితే దాదాపు ఖాళీ. మాది 12.4 చూపించింది. కానీ ఈ అంకె సగం కథే చెబుతుంది. అసలు కొలత తాళం తిప్పుతున్నప్పుడు తీసుకోవాలి. బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, మా చెల్లిని తాళం తిప్పమని, నేను మీటరు పట్టుకున్నాను. మంచి బ్యాటరీ అయినా ఇంజనును తిప్పేటప్పుడు పదిన్నర, పదకొండు వోల్టుల దాకా పడుతుంది. 9.6 కంటే కిందికి పోతే బ్యాటరీని అనుమానించాలి. మాది టకటకమంటున్నా 12 దగ్గరే నిలబడింది! అంటే బ్యాటరీ నుంచి పెద్ద కరెంటు బయటికే రావడం లేదు. ఇవ్వడానికి బ్యాటరీ సిద్ధంగానే ఉంది, కరెంటుకు దారే దొరకడం లేదు.

దారిలో ఎక్కడ అడ్డం ఉందో చెప్పింది క్లచ్. కొన్ని రోజులుగా క్లచ్ పెడల్ బరువుగా ఉంటోంది. వయసు మీద పడింది, కేబుల్ మార్చాలి అనుకుంటూ ఉన్నాను. ఆ పొద్దున వరసగా తాళం తిప్పి చూశాక, బానెట్ కింద ఏదో తీగ సర్దబోతే క్లచ్ కేబుల్ మీద చెయ్యి పడింది. వేడిగా ఉంది. ఇంజను ఒక్క క్షణం కూడా నడవలేదు, అంతా చల్లగా ఉంది, ఆ కేబుల్ ఒక్కటే వేడి. ఎందుకు వేడెక్కిందో నాకు వెంటనే తట్టలేదు గానీ, ఇది చాలా ముఖ్యమైన సంగతని మాత్రం అనిపించింది.

స్టేషను రోడ్డు వైపు పాత ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నారు. లారీల సెల్ఫ్ మోటార్లు, డైనమోలు బాగుచేస్తూ ముసలివాడైన మనిషి. ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాను. జరిగిందంతా వరసగా చెప్పాను. లైట్ల సంగతి విని తల ఊపారు. క్లచ్ కేబుల్ వేడెక్కిందని చెప్పగానే ఆగి, బానెట్ వైపు చూసి అన్నారు:

“మరి బేటరీ జోలికి ఎల్లకండి బాబూ. కరెంటు ఎల్తంది గానీ తిరిగి రావటానికి దారి నేదు. ఎర్తు సూడాలి.”

కారులో పాజిటివ్‌కు మాత్రమే లావుపాటి తీగ వేసి, తిరుగు దారికి బాడీ ఇనుమునే వాడుకుంటారు. కానీ ఇంజను, గేర్‌బాక్స్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటాయి. రబ్బరు గుండా కరెంటు పోదు. అందుకని బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజనుకో గేర్‌బాక్స్‌కో విడిగా ఒక లావుపాటి ఎర్త్ తీగ ఉండాలి. మా కారులో నెగటివ్ నుంచి రెండు తీగలు బయల్దేరుతాయి. సన్నది బాడీకి, లావుది గేర్‌బాక్స్ మీది బోల్టుకు. లైట్లు, హారను, వైపర్లు బాడీ దారిన సన్న తీగతో బతికేస్తాయి. సెల్ఫ్ మోటార్‌కు మాత్రం లావు తీగే దిక్కు. బావి నిండా నీళ్లున్నా చేదతాడు ఒక్క పోగు మీదకొస్తే చేద పైకి రాదు, మా బ్యాటరీ పరిస్థితి అదే. లావు తీగ దారి మూసుకుపోయేసరికి, ఇంజనులోని కరెంటు బాడీకి చేరడానికి దొరికిన ఇనుపముక్కనల్లా పట్టుకుంది. క్లచ్ కేబుల్ ఇంజనును, బాడీని కలుపుతుంది కదా, దాని గుండా పోయింది. సన్నటి ఉక్కు కేబుల్ అంత కరెంటును మోయలేక వేడెక్కింది. లోపలి ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి పెడల్ బరువెక్కింది. ఎన్నాళ్లుగానో పెడల్ ఈ సంగతే చెబుతోందన్నమాట. పాత బండ్లలో యాక్సిలరేటర్ కేబుల్ కూడా ఇలాగే వేడెక్కుతుంది, మరీ ముదిరితే పొగ కూడా వస్తుంది.

తేల్చడానికి మేస్త్రి చేసిన పని చూసి నాకు ఎంతో సంతోషం వేసింది, అంత తేలిక అది. జంపర్ కేబుల్ నల్లది తీసుకుని, ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకో కొస ఇంజను మీద రంగు లేని శుభ్రమైన ఇనుము చూసి పట్టించారు. బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా. “తిప్పండి” అన్నారు. తాళం అలా తిప్పానో లేదో ఇంజను అందుకుంది. ఆపి, కేబుల్ తీసేసి తిప్పితే టకటక. మళ్లీ పెడితే స్టార్ట్. ఇంతకంటే గట్టి రుజువు ఇంకేం కావాలి? జంపర్ కేబుల్ ఒకటి ఉంటే చాలు, ఈ పరీక్ష ఎవరైనా, ఎక్కడైనా చేసుకోవచ్చు. ఇంకో బండి అవసరం కూడా లేదు.

మీటరుతో కూడా చూద్దామని నేనే అడిగాను. మీటరు ఒక తీగ బ్యాటరీ నెగటివ్ సీసం ముక్కకు నేరుగా ఆనించి, రెండోది ఇంజను ఇనుముకు ఆనించి, తాళం తిప్పించాను. దారి బాగుంటే ఇక్కడ 0.2, మహా అయితే 0.3 వోల్టుల లోపే రావాలి. మాకు 6 వోల్టుల పైన వచ్చింది. అంటే బ్యాటరీ ఇస్తున్నదాంట్లో సగం ఈ తిరుగు దారిలోనే ఖర్చయిపోతోంది. సెల్ఫ్ మోటార్‌కు మిగిలేది ఆరు వోల్టులు కూడా కాదు. అదే పద్ధతిలో పాజిటివ్ వైపూ చూడాలి: బ్యాటరీ పాజిటివ్‌కూ సెల్ఫ్ మోటార్ మీది లావు బోల్టుకూ మధ్య, తాళం తిప్పుతుండగా. అక్కడ అర వోల్టుకు మించకూడదు. మాకు ఆ వైపు శుభ్రంగా ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మీటరును ఓమ్స్‌లో పెట్టి, లేదా బీప్ పెట్టి తీగను పరీక్షిస్తే అది బాగానే ఉందని చెబుతుంది. తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా బీప్ మోగుతుంది, టెస్ట్ ల్యాంపు బల్బు కూడా వెలుగుతుంది. ఎందుకంటే వాటికి కావలసిన కరెంటు చాలా తక్కువ. 0.05 ఓమ్ అడ్డును మామూలు మీటరు సరిగ్గా పట్టుకోలేదు. కానీ దాని గుండా 100 ఆంపియర్లు పోవాలంటే 5 వోల్టులు అక్కడే పోతాయి. పెద్ద కరెంటు పోయే దారిని పెద్ద కరెంటు పోతున్నప్పుడే కొలవాలి. నేను నేర్చుకున్న అన్నిటిలో ఇదే పెద్ద విషయం.

బ్యాటరీ దించి, దాని కింది ట్రే కూడా విప్పితే అసలు చోటు బయటపడింది. ఏళ్ల తరబడి బ్యాటరీ నుంచి చెమర్చిన యాసిడ్ ట్రే మూల నుంచి చుక్కచుక్కగా కారి, సరిగ్గా గేర్‌బాక్స్ బోల్టు దగ్గర తీగ కొస మీద పడింది. కొసకున్న రాగి లగ్గు, అంటే బోల్టుకు బిగించే రింగు, పచ్చటి పొడి కట్టింది. పైనున్న రబ్బరు తొడుగు చూడటానికి బాగానే ఉంది. దాన్ని బ్లేడుతో చీరితే లోపలి రాగి పోగులు నల్లబడి, వేలితో తాకితే రాలిపోయాయి. ఇన్నాళ్లూ బండిని స్టార్ట్ చేసింది ఆ మిగిలిన నాలుగు పోగులే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లాను ముంచెత్తినప్పుడు ఈ కారు కొన్నాళ్లు తడిలోనే ఉంది. తుప్పు అప్పుడే మొదలైందేమో అని మేస్త్రి అన్నారు. నాకూ అలాగే అనిపిస్తోంది.

బాగుచేయడం గంట పని. పాత తీగ అంత లావుదే కొత్త తీగ తెచ్చి, కొసలకు రాగి లగ్గులు నొక్కి, సీసం కూడా పోశారు. గేర్‌బాక్స్ మీద లగ్గు కూర్చునే చోటును ఎమరీతో తళతళలాడేదాకా రుద్దారు. పళ్లున్న వాషరు వేసి బిగించి, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూశారు. ముందే పూస్తే లగ్గుకూ గేర్‌బాక్స్‌కూ మధ్య అడ్డం వస్తుందని ఆయన పట్టింపు. ఇంజను పైభాగం నుంచి బాడీకి ఇంకో ఎర్త్ పట్టీ కూడా అదనంగా వేశారు. బ్యాటరీ ట్రే కడిగి, యాసిడ్ కారిన మూలకు రంగు వేశాం. క్లచ్ కేబుల్ లోపల పాడైపోయింది కాబట్టి అదీ మార్చాం. మొత్తం ఖర్చు కొత్త బ్యాటరీ ధరకు దరిదాపుల్లోకి కూడా రాలేదు.

తరవాత కొలతలు తీసుకున్నాను. తాళం తిప్పేటప్పుడు నెగటివ్‌కూ ఇంజనుకూ మధ్య 0.1 వోల్టు. బ్యాటరీ మీద 10.6. ఇది చూసి మా చెల్లి కంగారు పడింది, ముందు 12 ఉండేది కదా, ఇప్పుడు ఎక్కువ పడుతోందేమిటని. పడాలి. ఇప్పుడే బ్యాటరీ నిజంగా పని చేస్తోంది. ఇంకో లాభం నేను అనుకోనిది: ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ముందు 13.1 వోల్టులు మాత్రమే వచ్చేవి, ఇప్పుడు 14.2 వస్తున్నాయి. మేము డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్ కూడా ఇంజనుకే బిగించి ఉంటుంది. దాని కరెంటు బ్యాటరీకి చేరాలన్నా ఆ ఎర్తే దారి. అందుకే బ్యాటరీ ఎప్పుడూ సగం ఆకలితో ఉండేది. ఆ దుకాణంలో చార్జింగ్ తక్కువ అన్న మాటకు కారణం అప్పుడు తెలిసింది. అదే తీగతో కొత్త బ్యాటరీ వేసి ఉంటే అది కూడా కొన్నాళ్లకు అలాగే నీరసించేది.

ఇది జరిగిన కొద్ది రోజులకే గుణుపూర్ నుంచి మా బావమరిది ఫోన్. చింతపండు, జీడిపిక్కల సరుకు తోలే చిన్న బండి వాడిది. “బావా, ఒక్కసారే టక్ మంటంది, అక్కడితో ఆగిపోతంది. నీ బండికొచ్చినట్టే ఎర్తు అంటావా?” అన్నాడు. నల్ల కేబుల్ పెట్టి చూడమన్నాను, మార్పు లేదు. లైట్లు వేసి చూడమన్నాను, తగ్గలేదు. అయితే మోటారు లోపలే. ఒకరు తాళం తిప్పి పట్టుకుని ఉండగా, బండి న్యూట్రల్‌లో ఉందని చూసుకుని, సెల్ఫ్ మోటార్ ఒంటి మీద వీల్ స్పానర్ పిడితో మెల్లగా రెండు దెబ్బలు వేయించమన్నాను. స్టార్టయింది. బ్రష్‌లు అరిగిపోయి, లోపల తిరిగే ఆర్మేచర్‌ను సరిగ్గా తాకనప్పుడు ఆ అదురుకు ఒక క్షణం తాకుతాయి. అది ఇంటికి చేరడానికి పనికొచ్చే ఉపాయం మాత్రమే. మర్నాడు మోటారు దించి బ్రష్‌లు, బుష్‌లు మార్పించాడు. రెండు బండ్లకూ పైకి కనబడే జబ్బు ఒకటే, స్టార్ట్ కాకపోవడం. చప్పుడు వేరు, మందు వేరు.

నిజంగానే బ్యాటరీ దిగిపోయినప్పుడు ఇంకో బండి సాయం తీసుకోవడం గురించి కూడా చెప్పాలి. ఆర్.ఉదయగిరి ఘాట్ లాంటి చోట ఆగిపోతే మనకు ఉన్న దారి అదే, పైగా చాలామంది నాలుగో కొసను తప్పు చోట పెడుతున్నారు. ఎర్ర కేబుల్ ముందు దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు, తరవాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్లది మంచి బ్యాటరీ నెగటివ్‌కు, చివరి కొస దిగిపోయిన బండి ఇంజను ఇనుముకు, ఆ బ్యాటరీకి దూరంగా. చివరి కొస పెట్టేటప్పుడే నిప్పురవ్వ వస్తుంది, అది బ్యాటరీ మీద పడకూడదనే ఈ ఏర్పాటు. మంచి బండిని కాసేపు నడవనిచ్చి, తరవాత తాళం తిప్పాలి. తీసేటప్పుడు ఇదే వరస వెనక నుంచి ముందుకు. పది సెకన్లకు మించి తాళం పట్టుకుని ఉండకూడదు, మోటారు కాలిపోతుంది. కాస్త ఆగి మళ్లీ ప్రయత్నించాలి. తోసి స్టార్ట్ చేయడం చేత్తో గేర్లు మార్చే బండ్లకే, ఆటోమేటిక్ బండ్లను ఎంత తోసినా లాభం లేదు.

ఇప్పుడు మా డిక్కీలో లావు రాగి ఉన్న జంపర్ కేబుల్ జత, పానాలు, ఎమరీ కాగితం, చిన్న మీటరు ఉంటున్నాయి. జంపర్ కేబుల్ కొనేటప్పుడు రబ్బరు లావు చూసి మోసపోకండి, కొస దగ్గర రాగి ఎంతుందో చూడండి. సన్న రాగి కేబుల్ వేడెక్కడమే గానీ బండి స్టార్ట్ కాదు. బానెట్ లోపలి వైపు, పెయింట్ పెన్నుతో మా కారు మంచిగా ఉన్నప్పటి అంకెలు రాసిపెట్టాను: బ్యాటరీ 12.6, తిప్పేటప్పుడు 10.6, నడిచేటప్పుడు 14.2, ఎర్త్ 0.1. కారు ఎవరు తోలినా, ఏ మెకానిక్ చూసినా, ఏది మారిందో ఆ అంకెల పక్కన పెట్టి చూసుకోవచ్చు. మేస్త్రి చెప్పినట్టు వానాకాలం పోగానే బ్యాటరీ ట్రే విప్పి గేర్‌బాక్స్ బోల్టు చూస్తున్నాను. నాన్నను విశాఖ తీసుకెళ్లాల్సిన వారంలో అయితే బయల్దేరే ముందు రాత్రే మీటరు పెట్టి ఆ నాలుగు అంకెలూ సరిచూసుకుంటున్నాను.